ముందు వాటా, వెనక వాటా

యానాం, ఫరంపేట. కింద ముందు వాటాలో గోపాలకృష్ణ, ఆయన భార్య నాగమణి. వెనక వాటాలో అద్దెకుంటున్న ఆరోగ్యమ్మ కుటుంబం. మేడ మీద మేనల్లుడు హరీష్. పొద్దున్నే వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఇళ్ళు అద్దెకిచ్చి నడిపే విద్య మేనల్లుడికి నేర్పుతున్నాడు మేనమామ. ఆయనకది మహా సరదా.

"తిప్పావా లేదా, ముందది చెప్పు."

"తిప్పానండి మావయ్యా. తెల్లారకుండానే."

"ఏ వాల్వు? ట్యాంకు కింద రెండున్నాయి. ఎడం పక్కది మనది, కుడి పక్కది వెనక వాటాది."

"కుడి పక్కదేనండి."

"అదీ. చూడు హరీషూ, కొత్తగా ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కడ దెబ్బతింటారో తెలుసా? ఖాళీ చెయ్యమని నోటితో అడుగుతారు. నోటితో అడిగావా, పెద్దమనుషుల్ని తెస్తారు, స్టేషనుకెళ్తారు, ఏడుస్తారు. అదే నీళ్ళు రాలేదనుకో, ఎవరి మీద కేసు పెడతారు? మోటారు మీదా?"

"మరి వచ్చి అడిగితే ఏం చెప్పాలండి?"

"మోటారు కాలిపోయింది. మెకానిక్‌కి చెప్పాను, వస్తాడు. అంతే. ఇంకో ముక్క వద్దు. నవ్వుతూ చెప్పాలి, గొంతు పెంచకూడదు."

"వాళ్ళు గొంతు పెంచితేనో?"

"అరవకండి, చుట్టుపక్కల సంసారాలున్నాయి అనాలి. అరిచినవాళ్ళదే తప్పయిపోద్ది."

"అద్దె కాగితం అదీ చూపిస్తే?"

"ఏ కాగితం? నేనెవరికైనా రాసిచ్చానా? ఎన్నేళ్ళున్నా నిన్న దిగినట్టే ఉండాలి వాళ్ళు. ఇంకో సంగతి, ఆస్తి మన పేరున కనపడకూడదు. ఈ ఇల్లే చూడు. దగ్గరుండి ఇటుక ఇటుక పేర్పించింది నేను. రిజిస్ట్రేషను ఎవరి పేరున?"

"నా పేరునేనండి."

"ఎందుకూ? సొంతిల్లుందంటే పేదోళ్ళ ఎర్ర రేషన్ కార్డు పీకేసి, ఉన్నోళ్ళ పసుపు కార్డు చేతిలో పెడతారు. సర్కారు ఇచ్చేవన్నీ పోవూ? ఇప్పుడు కాగితాల్లో నేనెవణ్ణి? మేనల్లుడింట్లో తలదాచుకున్నవాణ్ణి. మొన్న ఆఫీసువాళ్ళొచ్చి చూసి, పాపం అనుకుంటూ పోయారు."

"తెలివంటే మీదేనండి."

"అదిగో, ఆరోగ్యమ్మ వస్తోంది. నువ్వు మాట్లాడకు. చూసి నేర్చుకో."

"బాబుగారండీ..."

"రా ఆరోగ్యమ్మా. మనవడెలా ఉన్నాడు?"

"నీళ్ళు రాట్లేదండి. దారంలాగా సన్నగా వత్తందండి, గిన్నె కూడా నిండట్లేదు."

"మోటారు కాలిపోయిందమ్మా. మెకానిక్‌కి చెప్పాను, వస్తాడు."

"అమ్మగారు గిన్నెలు కడుగుతున్నారు కదండీ. సప్పుడు ఇనపడతంది."

"ట్యాంకులో అడుగున మిగిలినవమ్మా. అవీ అయిపోతాయి."

"మా ఫిలోమినాకి మొన్నే కదండీ పురుడొచ్చింది. పసిబిడ్డకి నీళ్ళు పొయ్యాలి, బాలింత గుడ్డలన్నీ అలాగే పడున్నాయి. మా అల్లుడు ఇన్నయ్య గోదాట్లోకి వేటకెళ్ళాడండి. వీధి కుళాయి నించి మొయ్యాలంటే నా నడుం పట్టేసిందండి."

"ఈ అవస్థంతా ఎందుకమ్మా మీకు? అడవిపొలం ఊళ్ళో మీ చుట్టాలున్నారుగా. వాళ్ళకి బోరు కూడా ఉంది."

"ఆదివారం బిడ్డకి జ్ఞానస్నానమండి. చుట్టాలొత్తారు. అదొక్కటీ అయ్యాక ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతామండి. అప్పటిదాకా..."

"వెళ్ళమని నేనన్నానా? హరీషూ, నేనన్నానా?"

"అన్లేదండి."

"జ్ఞానస్నానానికి నీళ్ళు మీ గుళ్ళోనే పోస్తారు కదమ్మా. ఇక్కడివెందుకు?"

"ఒక్క బిందె పట్టుకోనివ్వండి బాబుగారూ. మీ కుళాయి దగ్గర. ఒక్క బిందె."

"మెకానిక్ వస్తాడమ్మా."

"ఏవండీ, ఒక బిందె ఇస్తే ఏం పోతుంది? పసిగుడ్డు కదండీ, పాపం."

"నాగమణీ, నువ్వెందుకొచ్చావు వాకిట్లోకి? నీ గిన్నెలు నువ్వు చూసుకో. వెళ్ళు ఆరోగ్యమ్మా, ఎండెక్కుతోంది."

"సరేనండి. వత్తానండి."

"చూశావా హరీషూ? ఒక బిందె ఇచ్చామా, ఇంకో నెల పాతుకుపోతారు. జాలి చూపించాలంటే మాటల్లో చూపించు, కుళాయిలో కాదు."

"ఆయ్."

"సన్నగా వస్తోందంటోంది, విన్నావుగా. వాల్వు సరిగ్గా పడలేదు. పైకెళ్ళి గట్టిగా బిగించి రా."

"వెళ్తున్నానండి."

"వాడు పైకెళ్ళాడు కాబట్టి అంటున్నాను. మీకు బొత్తిగా దయ లేదండి. మన పిల్లకి పురుడొచ్చినప్పుడు రాత్రంతా కూర్చుంది ఆ ఆరోగ్యమ్మే."

"కూర్చుంటే? కాఫీ ఇచ్చాంగా. మేతల డీలరు గోడౌనుకి అడుగుతున్నాడు నాగమణీ. చేపల మేత, రొయ్యల మేత, లారీలకి లారీలు దిగుతాయి. హరీషే వెళ్ళి మాట్లాడొచ్చాడు. ఆదివారం లోపల ఆ వాటా ఖాళీ అవ్వాలి."

"ఏం మాట్లాడొచ్చాడో మీరు పక్కనుండి విన్నారా?"

"వినేదేంటి? నా చేతుల్లో పెరిగినవాడు. నేనేం చెప్తే అదే నేర్చుకుంటాడు."

"నా భయమూ అదేనండి."

"నీ భయం వంటింట్లో పెట్టుకో. ఆ, వచ్చావా. బిగించావా?"

"బిగించానండి మావయ్యా."

"చుక్క రాదుగా?"

"చుక్క రాదండి."

"శభాష్. ఇక డీలరుకి ఫోన్ చేసి చెప్పు, సోమవారం తాళాలిచ్చేస్తామని."

"పైనించే చేశానండి. వెనక వాటా ఒక్కటీ చాలదంటున్నాడు. లారీ రోడ్డు మీదే ఆపి సరుకు దింపుకోవాలంట. ముందు వైపు కూడా కావాలంటున్నాడు."

"ముందు వైపు మనమున్నాం కదరా. కుదరదని చెప్పలేకపోయావా?"

"కుదురుద్దని చెప్పానండి."

"కుదురుద్దా? ఏం కుదురుద్ది?"

"ఏవండీ, కుళాయి ఆగిపోయింది. చేతులనిండా సబ్బుంది."

"ఉండవే. ఒరేయ్, మనది కూడా కట్టేశావురా. చూసుకోవద్దూ? వెళ్ళి విప్పి రా."

"చూసే కట్టానండి."

"చూసే... ఏంట్రా ఆ నవ్వు? ఎవరిల్లనుకుంటున్నావురా ఇది? రేయ్, నిన్నే అడిగేది, ఎవడి ఇల్లురా ఇది?"

"అరవకండి మావయ్యా, వెనకాల బాలింత ఉంది. మోటారు కాలిపోయింది. మెకానిక్‌కి చెప్పాను, వస్తాడు."