వదిన వేసిన తెల్లదారం

ఆ కొస పట్టుకో. అలా కాదే, రెండు చేతుల్తో. ఫోన్ అక్కడ పడెయ్, ఎక్కడికీ పారిపోదు. వెనక్కి నడువు... ఇంకా... ఆ, ఇప్పుడు లాగు. మెల్లిగానే తల్లీ, నేను పడతా, ఈ మోకాళ్ళు నా మాట వినడం మానేసి మూడేళ్ళయింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చి నీ కొసలు నా చేతిలో పెట్టి వంగి కింద మడత అందుకో. అంతే. నేనూ మా వదినా పంతొమ్మిదేళ్ళు ఇదే చేశాం, పెద్దాసుపత్రి లాండ్రీలో, రోజుకి మూడొందల దుప్పట్లు. మూడొందల సార్లు దూరం పోవడం, మూడొందల సార్లు ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికి రావడం. మీ తాతయ్య మొహం కూడా నేను అన్నిసార్లు అంత దగ్గర్నుంచి చూసుండను.

ఏంటీ, కొసన చేతికేదో తగిలిందా? ఆకుపచ్చ దారం పక్కన తెల్లదారమా? అబ్బో, కళ్ళంటే నీవే. అది వదిన కుట్టే. మా అన్న పెళ్ళాం, మీ అమ్మకి అత్తయ్య. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఈ దుప్పటి అసలు బీరువాలోంచి తీయొద్దన్నాను మీ అమ్మతో, వింటే కదా. సరే, తీశారు, ఉతికారు, ఇప్పుడేం చేస్తాం. ఉండు, కాస్త కూర్చోనీ. ఓపిక లేదు.

మా లాండ్రీలో ప్రతి గుడ్డకీ మూల మీద రంగు కుట్టు ఉండేది, ఏది ఏ వార్డుదో తెలియడానికి. ఎరుపు ఆపరేషన్ల వాళ్ళది, నీలం పిల్లలది, ఆకుపచ్చ జ్వరాలది. తెలుపు ఎవరిదీ కాదు. వదిన మాత్రం అందరికన్నా అరగంట ముందొచ్చి, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ రోజుకి ఏదో ఒక్క గుడ్డ తీసుకుని తెల్లదారంతో ఒకే ఒక్క కుట్టు వేసేది. ఒకరోజు డాక్టరు కోటు, ఒకరోజు దిండు కవరు, ఒకరోజు ఎవరిదో ఏప్రాన్. ఆ గుడ్డని ఆ రోజు తన చేత్తోనే ఇస్త్రీ చేసేది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి మా సూపర్‌వైజర్ పట్టుకున్నాడు. వాడికి గొంతు ముక్కులోంచి వచ్చేది. "ఏమ్మా, ఈ తెల్లది ఏ వార్డు? నా లిస్టులో లేదే?" "ఆయన వార్డు సార్" అని పైకి చూపించింది. పై అంతస్తులో పెద్ద డాక్టరు గది ఉండేదిలే. వాడు అదే అనుకుని సెల్యూట్ కొట్టినంత పని చేసి పోయాడు. నవ్వకు, నిజంగానే!

దాంతో ఆ తెల్లకుట్టు ఏదో దీవెన అని పేరు పడిపోయింది. నర్సులు అడిగి మరీ వేయించుకోవాలని చూసేవాళ్ళు. అడిగితే వేసేది కాదు. నాకు మాత్రం అడక్కుండానే వేసేది. నా ఏప్రాన్ అంచు చూడాలి నువ్వు, చీమల బారులా ఈ చివర్నుంచి ఆ చివరికి కుట్లే. నేను ఊరుకుంటానా, భోజనాల దగ్గర ఏప్రాన్ విప్పి అందరికీ చూపించేదాన్ని. "చూడండమ్మా, మా వదినకి నేనంటే ఎంత ప్రాణమో." వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని అన్నం కలుపుకునేవాళ్ళు. కుళ్ళు అనుకున్నా.

నేనెలాంటిదాన్నో నీకు తెలీదు. ఇప్పుడంటే ముసలైపోయి మెత్తబడ్డా. అన్న ఆవిడ్ని ఇంటికి తెచ్చిన రోజే గుమ్మంలో నిలబడి, ఆవిడకి వినిపించేట్టే, "ఇంతకన్నా మంచిది దొరకలేదా?" అన్నా. మీ తాతయ్య పోయాక, మీ అమ్మని చంకనేసుకుని అన్న ఇంటికే చేరాను కదా, అప్పుడు సూపర్‌వైజర్ని బతిమాలి బతిమాలి నాకీ పని ఇప్పించింది ఆవిడే. నేనేం చేశాను? మొదటిరోజే దుప్పటి తడిగా ఉందని అందరి ముందూ ఆవిడ మీద అరిచాను. అలాంటి నోరు నాది. నీకు ఎవరి పోలికొచ్చిందో అని మీ అమ్మ తల పట్టుకుంటుంది గానీ, నాకు తెలుసు.

తర్వాత వదినకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. లాండ్రీ ఆవిరి అన్నారు. ఏదైతేనేం, మా ఆసుపత్రిలోనే, మా నెత్తిమీదే, జ్వరాల వార్డులో చేర్చారు. ఒకరోజు పొద్దున్నే సూది, తెల్లదారం పట్టుకుని పైకెళ్ళాను. "వదినా, ఇన్నాళ్ళూ అందరికీ నువ్వేశావు, ఇవాళ నీ దుప్పటికి నేనేస్తా" అన్నా. నవ్వింది. నవ్వితే దగ్గు, దగ్గితే నవ్వు. కాస్త తేరుకుని, "ఏమే, నేనంటే నీకంత కష్టంగా ఉందా?" అంది. నాకర్థం కాలా. అప్పుడు చెప్పింది. పొద్దున్నే కళ్ళు మూసుకుని ఆవిడ వెతికేది ఒక్కటేనట, ఇవాళ ఎవర్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతోంది అని. దొరికాక వాళ్ళ గుడ్డ తీసుకుని, ఇది దేవుడు కట్టుకునేది అనుకుంటూ కుట్టు వేసేదట. "నచ్చినవాళ్ళకి దారం ఎందుకే, వాళ్ళ మీద ప్రేమ దానంతటదే వస్తుంది. అది ఊరికే వచ్చేచోట ఆయన కూర్చోడు. ఇక్కడికి రా చూద్దాం అని నీలాంటి దానిలో కూర్చుని చూస్తుంటాడు" అంది.

నా ఏప్రాన్ నేనే చూసుకున్నా. ఆ అంచు. "అంటే... రోజూ నేనేనా?" అన్నా. "రోజూ కాదులే. గురువారాలు సూపర్‌వైజర్" అంది.

ఇప్పుడైతే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు. సూదీ దారం మంచం మీద గిరాటేసి దిగొచ్చేశా. నన్ను ప్రేమించడానికి ఈవిడ నడుం బిగించుకోవాలా, నేనంత పాపిష్టిదాన్నా అని. నాలుగు రోజులు పైకి వెళ్ళలేదు. మధ్యలో ఉన్నవి ఇరవై రెండు మెట్లే. దుప్పట్లు మడత పెట్టడానికి వేరే ఆవిణ్ణి ఇచ్చారు, ఆవిడ దగ్గరికొచ్చినప్పుడల్లా మొహం తిప్పుకునేదాన్ని.

ఐదోరోజు పొద్దున జ్వరాల వార్డు మూట విప్పాను. పైన ఉన్న దుప్పటి మూల మీద ఆకుపచ్చ దారం, దాని పక్కన తెల్లది. వంకరగా ఉంది చూడు, పడుకునే వేసుంటుంది. నేను విసిరేసిన సూదే. మంచం ఖాళీ అయితే దుప్పటే ముందు కిందికొస్తుందే, కబురు తర్వాతొస్తుంది. ఆయా మెట్లు దిగి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. అది ఎవరికోసం వేసిందని నన్నడక్కు. ఆ నాలుగు రోజుల్లో నాకన్నా కష్టమైన మనిషి ఆవిడకి ఇంకెవరున్నారు? ఆ దుప్పటి నేనే ఉతికా, ఆరేశా, ఒక్కదాన్నే మడత పెట్టబోతే సగం నేలకి తగిలింది. మళ్ళీ ఉతికా. తర్వాత సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశా. దొంగతనమే, అవును, రాసుకో.

అప్పట్నుంచి నేనూ మొదలెట్టా. వదిన చేస్తే ఎంత తేలిగ్గా కనిపించేదో. పొద్దున లేవాలి, కూర్చోవాలి, ఎవరి మీద మండుతోందో ఒప్పుకోవాలి, ఆ మంట మీదే కూర్చుని సూదిలో దారం ఎక్కించాలి. మర్నాడు మళ్ళీ మొదటికే. ఇందులో రిటైర్మెంట్ లేదు. మూడొందల దుప్పట్లే నయం అనిపిస్తుంది ఒక్కోరోజు. మీ నాన్నవి రెండు చొక్కాలు నిండిపోయాయి. పక్కింటావిడకి ఏం కుట్టాలో తెలీక ఆవిడ మన తీగ మీద ఆరేసిన తువాలుకి...

ఏంటీ, ఎందుకలా కాలర్ తిప్పి చూసుకుంటున్నావ్?

...లెక్కపెట్టకు. అదిగో ఇంకో దుప్పటుంది, కొస పట్టుకో.