హద్దురాళ్ల కేసు

మునగాల అవతల హైవే పక్కన, ప్లాట్లు చేసిన బీడులో గొర్ల కాపరిని, ఊళ్లలో యువకుల వివరాలు రాసుకునే సర్వే సారు అడుగుతున్నాడు.

"పెద్దాయనా, నీ కొడుకు మిర్యాలగూడ మిల్లులో అప్రెంటిస్‌గా చేరాడా?"

"కేసుందని ఎల్లగొట్టిండ్రు."

"ఏం కేసు?"

"మందెంట పోయిననాడు గీ ప్లాట్ల హద్దురాళ్లు కూలగొట్టిండంట. దురదైతే గొర్లు రాయికి రుద్దుకోవా? రుద్దుకునే తుమ్మచెట్లన్నీ పీకేస్తిరి గద!"

"నేను పీకలేదు. నాకు రాసుకోవడమే పని. 'యువకుల నేరాలు' గడిలో నీవాడు, 'భూమి అభివృద్ధి' గడిలో ఈ ప్లాట్లు."

"మందలు మేసే బీడు మింగుడు అభివృద్ధా? పోరని బతుకు ఖతం చేసుడు నీకు లెక్కనా?"

"అరవకు. నన్నేం చేయమంటావు?"

"ఇప్పుడే ఠాణాకు పోతున్న. ఆనాడు మందెంట ఉన్నది వాడు కాదు నేనే, రాళ్లు కూలగొట్టింది నేనే అని చెప్త. నాకు అరవై దాటినయి. నీ యువకుల లెక్కలకెల్లి నా కొడుకును కొట్టెయ్!"