రాజారావు చేసిన తూటాలు

రాజారావు చేసిన తూటా ముందుకి పోవాల్సింది పోయి వెనక్కి తన్నింది. తన్నింది ఆయన్ని కాదు, వాళ్ళావిడ ఛాయాదేవిని. జరిగిందదీ. నువ్వేదో యూట్యూబ్ చూసి ఇంట్లోనే తూటాలు చేసుకుంటానంటున్నావట కదా వినీత్, అందుకని ముందే చెబుతున్నా. కూర్చో. చేసుకో, నేనెందుకు వద్దంటాను? ముందు నీ గ్రీన్ కార్డు రానీ, అది లేందే ఈ దేశంలో మనకి తుపాకీ అమ్మరు. రాజారావూ అంతే, గ్రీన్ కార్డు వచ్చిన వారానికి అందరూ ఇండియాకి టికెట్లు కొంటే ఈయన రైఫిల్ కొన్నాడు. సెమీ ఆటోమేటిక్కు. అంటే, ఆ నీకు తెలుసులే, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేల్చి, ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేసి, కింద తూటాలు నింపే మ్యాగజైన్లోంచి ఇంకోదాన్ని అదే లాక్కుంటుంది. లాక్కోవడమంటే మర్యాదగా కాదు నాయనా, ఆకలేసిన కుక్క చేతిలో బిస్కెట్టు లాక్కున్నట్టు.

సరే, కొన్నవాడు ఊరుకున్నాడా? షాపు తూటాలు హోటల్ సాంబారు లాంటివన్నాడు. ఇంటి సాంబారు ఎవరు పెడుతున్నారో మాత్రం ఆయనకెప్పుడూ పట్టలేదనుకో. గరాజ్‌లోంచి కారు బయటికి పోయింది, బల్లా మిషనూ లోపలికొచ్చాయి. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి కడగడం, బంగారం తూచినట్టు తుపాకి మందు తూచి పోయడం, పైన గుండు పెట్టి మిషన్‌తో నొక్కడం. ఇక ఆదివారం వస్తే మన అల్ఫారెట్టా నుంచి గంట పైన డ్రైవ్ చేసి, ఆ కొండల్లో గన్ క్లబ్బుకి టెస్టింగు. కాగితం మీద ఐదు కాల్చి, ఆ ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయో కొలవడం. దాన్ని గ్రూప్ అంటారు. పాతిక సెంట్ల క్వార్టర్ బిళ్ళ పెడితే అన్నీ మూసుకుపోవాలి, అదీ ఆయన జీవితాశయం. దానికేదో మోక్షం ఉన్నట్టు! మనిషి ఉద్యోగం కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగే. పెద్ద లీడు. ఎవడో పిల్లాడు రాసిన కోడ్‌లో తప్పు పట్టాడంటే నెల రోజులు, తలా ఒక వంట తెచ్చుకునే పాట్లక్కుల్లో అదే కథ.

అయితే ఒక చిక్కు. ఆయనకి గురి లేదు. ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్ళు మూసుకునేవాడు, పెళ్ళిపందిట్లో టపాకాయ పేలుస్తున్నట్టు. ఛాయేమో డెంటల్ క్లినిక్‌లో పని, చెయ్యి వణికితే ఎవడి చిగురో తెగుద్ది. ఒకసారి సరదాగా కాల్చింది, నాలుగు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడ్డాయి. అంతే, ఆవిడ ఆదివారాలు అయిపోయాయి. "ఛాయా, ఊపిరి బిగబట్టు. ఛాయా, భుజం వదులు చెయ్యి. అదిగో కదిలావ్!" గ్రూప్ చిన్నదొస్తే, "చూశావా నా తూటా!" పెద్దదొస్తే, "నువ్వు కదిలావు." ఒకటి మరీ దూరంగా పడితే, "అది లెక్కలోకి రాదు, గాలి." ఆకు కదిలేది కాదు, గాలట! నచ్చిన కాగితాల్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. పులిహోర తింటున్న వాళ్ళ చేతికి ఆ ఫ్రేములిచ్చి, "ఐదూ ఒక్క చోటే, చూడండి" అనేవాడు. మా ఆయనకైతే మూడుసార్లు చూపించాడు. మా ఆయన మూడుసార్లూ కొత్తగా ఆశ్చర్యపోయాడు, ఆయన మర్యాద అలాంటిది, పోనీలే.

ఆ ఏడు క్లబ్బులో పోటీ పెట్టారు. ఈయన ఆవిడ పేరు ఇచ్చేశాడు. తూటా నాది, వేలు దానిది అని. ఇప్పుడు చెప్పేది విను, ఇదే అసలు సంగతి. టెస్టింగ్‌లో ఎప్పుడూ ఒక్కొక్క తూటానీ చేత్తో మెల్లగా, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు రైఫిల్లో పెట్టేవాడు. గ్రూపు బాగా వస్తుందని. పోటీలో అలా కుదరదు, మ్యాగజైన్ నింపి గబగబా పది కాల్చాలి. ముందురోజు ఛాయ అడగనే అడిగింది. "ఏమండీ, మ్యాగజైన్లోంచి మనం ఒక్కసారీ కాల్చలేదు. అలా ఓసారి చూద్దామా?" అని. ఈయనేమన్నాడో తెలుసా? "అలా పెడితే గుండు గీసుకుని గ్రూప్ పాడవుతుంది. టెస్టింగ్ నాకు నేర్పకు." చూడు మరి! పాడవుతుందని తెలుసు, తెలిసే చూడలేదు. మీ ఆఫీసుల్లో కూడా డెమో అలాగే చేస్తారట కదా? నవ్వకు.

నాలుగు బాగానే పేలాయి. ఐదోదాన్ని రైఫిల్ లాక్కునేటప్పుడు గుండు ముక్కు గుద్దుకుని ఇత్తడి గొట్టంలోకి దిగబడింది. లోపల చోటు తగ్గిపోయె, మందేమో నిండా ఉండె. ఆ ఒత్తిడికి ఢామ్మని మ్యాగజైన్ ఊడి కింద పడింది, ఇత్తడి చీలిపోయి పొగంతా ఆవిడ మొహం మీదికి. అద్దాలు పెట్టుకుంది కాబట్టి కళ్ళు దక్కాయి. చెంప చీరుకుపోయింది, ఎడమ చెయ్యంతా రక్తం. ఆ క్లబ్బు పెద్దాయన, డేల్ అని, పరిగెత్తుకొచ్చి, "మ్యామ్, డోంట్ మూవ్, డోంట్ మూవ్" అని తన చొక్కా చింపి కట్టాడు. మరి మన రాజారావు? దుర్భిణిలోంచి కాగితం చూస్తున్నాడయ్యా! చూసి, "ఛాయా, ఆ నాలుగూ క్వార్టర్ బిళ్ళ కిందే!" అన్నాడు.

ఆవిడ చెంపకి కుట్లు వేయించుకుని, కార్లో కూర్చున్నాక అంది. "ఇక మీరు చేసిన తూటా నేను కాల్చను." కాల్చడం మానేస్తుందనుకున్నాం అందరం. ఎక్కడ! గాయం మానగానే షాపు తూటాల డబ్బా కొనుక్కుని వెళ్ళింది. గ్రూపు అరచెయ్యంత వచ్చింది, హాయిగా నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. ఆయన బతిమాలేవాడు. "ఒక్కటి, ఛాయా. మొత్తం మార్చేశాను." పెళ్ళిరోజుకి పాతిక చేసి వెల్వెట్ పెట్టెలో పెట్టి ఇచ్చాడు, నగలిచ్చినట్టు. థాంక్స్ చెప్పి బీరువా మీద పెట్టింది. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆదివారాలు ఆవిడ వెంట వెళ్ళి, ఆవిడ కాల్చిన షాపు గొట్టాలు వంగి వంగి ఏరుకునేవాడు.

తర్వాత ఓ రోజు నిద్రలోనే పోయాడు పాపం. క్లబ్బు వాళ్ళంతా ఇంటికొచ్చారు. డేల్ కళ్ళు తుడుచుకుంటూ, రాజ్ చేసిన తూటాలు గరాజ్ నిండా ఉన్నాయి కదా, తలా ఒకటి కాలుద్దాం, మా నివాళి అన్నాడు. ఇంతమందిలో ఆ ముసలాయన అలా అడుగుతుంటే ఎవరైనా సరే అనేస్తారు. ఛాయ, "థాంక్యూ డేల్, నీ మొహం అలాగే ఉండనీ" అంది. ఒక్కటన్నా అని అడిగాడు. ఒక్కటి కూడా కాదంది. ఆ చలికాలమంతా శని, ఆదివారాలు గరాజ్‌లో కూర్చుని ఒక్కొక్కటీ విప్పింది, వెల్వెట్ పెట్టెలోవి కూడా. మందంతా పెరట్లో గడ్డి మీద చల్లేసింది. ఒక్కటంటే ఒక్కటి పేలనివ్వలేదు.