ఎడపల్లి కుంట, మజహర్ సాహెబ్

పందొమ్మిది వందల యాభై ఆరు డిసెంబరు మూడవ తేదీన బోధన్‌లో పశు చికిత్సా సహాయకులుగా ఉద్యోగంలో చేరిన శ్రీ మజహర్ అలీ గారు, సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన వ్యాసమంటే అన్నీ మంచి మాటలే ఉండాలని మనకొక అలవాటు. ఈ వ్యాసంలో ఒక చెడ్డ రోజు కూడా ఉంటుంది. ఉండాలని పట్టుబట్టింది సాక్షాత్తు సన్మాన గ్రహీతే.

ఆ రోజుల్లో చెరకు బండ్లు లాగి లాగి డొక్కలు అంటుకుపోయిన ఎద్దులు, తొలకరి వానకు తడిసి గొంతువాపుతో కుప్పకూలుతుంటే, ఎవరో చేతబడి చేశారని రైతులు తలలు బాదుకునేవారు.

"చేతబడి గాదు, ఏం గాదు. గీ రోగం పురుగు మంచి ఎద్దు గొంతులగూడ ఉంటది. ఎద్దు బలంగున్నన్ని దినాలు సప్పుడు జెయ్యదు. నీరసపడితే మీద పడ్తది. జర ఆరాం ఇయ్యుండ్రి" అని మజహర్ గారు ఇల్లిల్లూ తిరిగి బతిమాలేవారు. విన్నవారి ఎద్దులు కొన్ని బతికాయి. విననివారు ఆయననే తిట్టిపోశారు.

అరవై మూడులో చేపల పెంపకం విభాగానికి బదిలీపై నిజామాబాద్ వచ్చి, ధర్మపత్ని సాలేహా బేగం గారితో కంఠేశ్వర్‌లో కాపురం పెట్టారు. అరవై ఏడులో, భర్త పోయిన సత్తవ్వ అనే ఆమెకు నచ్చజెప్పి, ఎడపల్లి శివారు కుంటలో బొచ్చె చేప పిల్లలను పోయించారు. ఆమె బతుకంతా ఆ కుంట మీదే పెట్టుకుంది. చేపలు ఏపుగా పెరిగాయి. అదే కొంప ముంచింది. జిల్లాకు ఏ పెద్దమనిషి వచ్చినా జీపు ఎడపల్లికి తిరిగేది. వల లాగడం, చేపను చేతుల్లో ఎత్తి ఫోటో దిగడం, మళ్లీ నీళ్లలో విసరడం. నీటిలో సదా ఉండే సూక్ష్మజీవులు ఆరోగ్యంగా ఉన్న చేపను ఏమీ చేయవనీ, పొలుసులు లేచి చర్మం గీరుకుంటే ఆ గాయంలోంచే లోపలికి దూరుతాయనీ మజహర్ గారికి తెలియనిది కాదు.

ఒక ఏటి వైశాఖ మాసం, కుంటలో మోకాలి లోతు నీళ్లు. పై అధికారి ఒకరు అతిథులతో వస్తున్నారని కబురొచ్చింది.

"సారూ, మొన్ననే గుంజినం గదా. చేపలు కడుపుల కింద ఎర్రగైనయి. ఈ పారి వద్దు" అంది సత్తవ్వ.

ఊరందరికీ ఎద్దులకు ఆరాం ఇమ్మని చెప్పిన మనిషి, పైవారికి వద్దని తిరుగు కబురు పంపలేదు.

"గీ ఒక్కపారి సత్తవ్వా. పెద్దసారు వస్తుండు" అన్నారు.

ఆమె వల లాగింది. అతిథులు భేష్ అని వెళ్లిపోయారు. వారం తిరగకముందే ఒళ్లంతా పుండ్లు పడిన చేపలు వెల్లకిలా తేలాయి. మజహర్ గారు నీళ్లలో ఉప్పు కలిపించారు, సున్నం చల్లించారు. ఏదీ పనిచేయలేదు. సత్తవ్వ గంపలతో ఎత్తి గట్టు కింద పూడ్చి, ఆపైన చెరకు తోటల్లో కూలికి పోయింది.

చేపలు చచ్చింది ప్రదర్శన కోసం వల లాగినందువల్లేననీ, లాగమన్నది తానేననీ ఆయన పైవారికి దాచకుండా చెప్పారు. ఆ తర్వాత ఆయనకు రావలసిన పదోన్నతులు ఇతరులకు వచ్చాయి. అది మొదలు తన పర్యవేక్షణలోని ఏ కుంటలోనూ చూపడానికి వల వేయనివ్వలేదు. ఎందరో అధికారులు ఆయన్ను మొండివాడని విసుక్కుంటూ వెనుదిరిగారు. మనమూ వెనుక నవ్వుకున్నాం, సిగ్గులేకుండా.

ఈ నెల మొదట్లో ఆయన ఎడపల్లి వెళ్లారు. సత్తవ్వ చెరకులో కలుపు తీస్తోంది.

"ఈ నెలతోటి నౌకరి ఒడుస్తది సత్తవ్వా. ఇగ నాకు హుకుం జేసెటోడు ఎవ్వడు ఉండడు. మల్ల చేపలు పోద్దాం. దినాం వచ్చి గట్టు మీద కూసుంట" అన్నారు.

ఆమె చేతిలో కొడవలి ఆగలేదు.

"గప్పుడు కూసోవలసింది సారూ" అంది.

తిరిగి వచ్చి ఈ వ్యాసకర్తతో ఆయన అన్నది ఒకటే: "గిది రాయకుంటే నా గురించి ఏం రాయకు."

అందుకే రాయడమైంది. మజహర్ అలీ గారు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం. ఎడపల్లి నుంచి వచ్చిన నాటి నుంచి ఆయన సరిగా ముద్ద మింగడం లేదని సాలేహా బేగం గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ముందుగా ఆయన కడుపునిండా అన్నం తినగలగాలి.