సీతారావమ్మ మోకాళ్లు

ఈపూరు దగ్గర ఒక పల్లె. చలికాలపు ఉదయం. వంటపాక ముందు అత్త సీతారావమ్మ, కోడలు శిరీష.

“ఆగత్తా, చెయ్యి పట్టుకుంటా. పడతావు!”

“తియ్యి చెయ్యి. నేనే లేస్తా.”

“పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయిగా. కాపడం పెట్టినాక లేద్దువుగానిలే.”

“పెట్టుకున్నా.”

“ఎప్పుడు?”

“నువ్వు లేవకముందే. నీళ్లు నేనే కాచుకున్నా. పొయ్యికాడ కింద కూసోలేదులే, స్టూలేసుకున్నా.”

“డాక్టరమ్మ చెప్పి ఏడాదైందత్తా! కింద కూర్చోమాక, రోజూ నాలుగడుగులు నడువు, కాలు చాపి పది లెక్కపెట్టు అని ఎంత చెప్పింది! నరసరావుపేటలో బస్సెక్కకముందే మర్చిపోయావు.”

“ఇప్పుడు చేస్తన్నాగా.”

“ఏంది, నడకా?”

“బస్టాపు దాకా. నువ్వు మిరపకోతకి పోయినాక. పక్కింటి నజీమా తోడొస్తది. నెలైంది.”

“నెలా? నాకు చెప్పలేదేంది?”

“చెప్తే వెంటబడి వస్తావుగా, కూలి మానుకుని.”

“నొప్పి తగ్గిందా మరి?”

“తగ్గింది.”

“నిజం చెప్పు.”

“చానా తగ్గిందంటన్నాగా. ఇదిగో, చూడు. గోడ గూడా పట్టుకోను.”

“అత్తా... మొహమంతా చెమటలేంది? ఇంత చలిలో?”

“పొయ్యి వేడి.”

“పొయ్యి ఆరి ఎంతసేపైంది! కూర్చో. కాళ్లిటు చాపు, మందు రాస్తా.”

“వద్దు. నీచేత రాయించుకోను.”

“నేనేమన్నా అన్నానా?”

“నువ్వేమంటావే తల్లీ.”

“మరేంది? కోటి పోయిన కాడ్నించి ఈ కాళ్లు నేనేగా పట్టేది.”

“అదే. అదే నా బాధ. తోలే టిప్పరు తిరగబడి నా కొడుకు పోయాడు. రెండేళ్లుగా నువ్వు నా మోకాళ్లకాడ ఆగిపోయావు.”

“పొద్దున్నే ఆ మాటలెందుకు?”

“మాచర్ల సంబంధం అని మీ నాన్నొచ్చినప్పుడు ఏమన్నావు?”

“ఏదో అన్నా.”

“ఏదో కాదు. ‘అత్త లేవలేకపోతంది నాన్నా, ఆమెనొదిలి ఎట్టా వచ్చేది’ అన్నావు. గోడవతలే ఉన్నా. విన్నా.”

“విన్నావా...”

“విన్నా. తెల్లారే నజీమాని పిలిచి నడక మొదలుపెట్టా. మొదటిరోజు పది అడుగులేసి రోడ్డు మీదే ఏడ్చా. అయినా మానలేదు. నీకింకా ఇరవయ్యేడేళ్లే శిరీషా. నా పని నేను చేసుకుంటా. నువ్వు పో.”

“నేను పోను.”

“నా కాళ్ల కోసం నువ్వాగమాక.”

“నీ కాళ్ల కోసమని ఎవరన్నారు?”

“నువ్వేగా అన్నావు, మీ నాన్నతో!”

“ఆయనకి ఏదో ఒకటి చెప్పాలిగా. రోడ్డు మీద టిప్పరు హారన్ ఇనపడితే, కోటే వచ్చాడని ఇప్పటికీ గుమ్మంలోకి పరిగెత్తుతన్నా. ఆ మాట చెప్తే పిచ్చిదంటారు. అత్త లేవలేకపోతందంటే ఎవరూ మారు మాట్లాడరు.”

“ఏందే... ఏందే నువ్వనేది?”

“నువ్విట్టా లేచి తిరుగుతుంటే, ఇంక మా నాన్నకి నేనేం చెప్పుకోవాలత్తా?”