చూసినదానితోనే పోలిక

1993 జూలై ఐదవ తేదీన మా పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించిన మేడమ్‌గారు, ముప్పైరెండు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. లెక్కలు చెప్పుకునే నాకు ఈ వీడ్కోలు సంచికలో వ్యాసం అప్పగించడానికి కారణం, స్టాఫ్‌రూమ్‌లో ఆమె పక్క కుర్చీ నాది కావడమే అనుకుంటాను.

తొలి ఏడాదే ఆమె ఆంగ్ల అలంకారాల బోధనలో ఒక నియమం విధించారు: విద్యార్థి స్వయంగా చూడని వస్తువుతో దేనినీ పోల్చరాదు. గైడులోని సింహంలాంటి ధైర్యాన్ని అప్పజెప్పిన పిల్లవాణ్ణి, "సింహాన్ని ఎక్కడ చూశావు నాన్నా?" అనేవారు.

"టీవీలో మేడమ్. పడుకునుంది."

"మరి ధైర్యం ఎప్పుడు కనబడింది?"

'లైక్' అన్న మాట తీసేసినా పోలిక చెక్కుచెదరకపోతేనే దానిని మెటఫర్‌గా, అంటే రూపకంగా, రాయనిచ్చేవారు.

2006లో ఆమె పదవ తరగతి బాధ్యత చేపట్టిన ఏడాది, అర్ధసంవత్సర పరీక్ష పేపర్లను వేరే పాఠశాల ఉపాధ్యాయులు దిద్దారు. గైడులో లేని పోలికలన్నింటికీ సున్నాలు పడ్డాయి. తల్లిదండ్రుల సమావేశం ఆమెపై ఒంటికాలిపై లేచింది. భార్యను పోగొట్టుకుని ఏడాదైనా నిండని ఒక దర్జీ, "మా అమ్మాయి సింహాన్ని చూడకపోయినా పర్లేదండీ, నేను మార్కులు చూడాలి. రేపే వేరే స్కూల్లో చేర్పిస్తాను" అన్నారు. ఆ అమ్మాయి తల దించుకుని నిలబడింది.

మేడమ్ వాదించలేదు. ఆ అమ్మాయి పేపరు తీసి, సున్నా పడిన వాక్యాన్ని తెలుగులో చెప్పారు: "అమ్మ పోయాక మా నాన్న, కరెంటు పోయినప్పటి కుట్టుమిషన్‌లా ఉంటాడు. చెయ్యి దానిమీదే ఉంటుంది, చప్పుడుండదు."

దర్జీగారు కూతురివైపు తిరిగారు.

"నాతో ఎప్పుడూ అనలేదండీ," అన్నారు.

"ఇంగ్లీషులో అనేసింది. పరీక్షకు గైడు పోలికలు కూడా నేర్పిస్తాను. ఇది మాత్రం మాన్పించను."

ఆ అమ్మాయి ఇక్కడే చదివింది, మంచి మార్కులతోనే ఉత్తీర్ణురాలైంది. మొన్న ఈ సంచిక పనిమీద ఆ దర్జీగారిని కలిశాను. మార్కులెన్నో ఆయనకు గుర్తులేదు. "ఆ రోజు ఇంటికెళ్లే దారంతా మేమిద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నామండీ," అన్నారు.

మేడమ్‌గారు లేని స్టాఫ్‌రూమ్ నాకు వెలితిగానే ఉంటుంది. వారు సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలనీ, ఇందరి ఇళ్లలో మాటలు కలిపిన వారికి ఇకపై తమ ఇంట తనివితీరా కబుర్లాడుకునే తీరిక దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాను.