మేజర్ భుజం మీది కిరీటం

ఫిల్మ్‌నగర్ కాస్ట్యూమ్ షాపులో ముసలి దర్జీ, హీరో వేసుకునే మేజర్ యూనిఫాం భుజానికి కిరీటం కుడుతున్నాడు. అసిస్టెంట్ డైరెక్టర్ చూసి కంగారుపడ్డాడు.

“ఇదేంటి బాబాయ్? మేజర్‌కి సింహాల గుర్తు కదా!”

“మీ కథ నలభై ఎనిమిదిది సార్. సింహాలొచ్చింది యాభై జనవరిల, రిపబ్లిక్ అయినంకనే. గప్పటిదాంక కిరీటమే.”

“హీరోగారి భుజం మీద తెల్లవాళ్ళ కిరీటమా? ఒప్పుకోరు. పని వేరేవాళ్ళకిస్తారు.”

చేతిలో ఉన్నది ఈ ఒక్క సినిమానే. అయినా దర్జీ సూది ఆపలేదు.

“ఇయ్యనియ్యుండ్రి. నేనైతే అబద్ధం కుట్ట. మా నాయిన మిలిటరీ పల్టన్ల దర్జీ. గా జనవరిల తానం జేసి, దేవునికి మొక్కి, ఒక్కొక్క ఆఫీసరు కిరీటం విప్పి సింహాలు కుట్టిండు.”

అసిస్టెంట్ డైరెక్టర్ స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆ సీన్ మనం పెడితే? హీరోగారే కిరీటం విప్పితే?”

“విప్పాలంటే ముందుగాల ఉండాలె గద సార్” అని దర్జీ రెండో భుజం అందుకున్నాడు.